చీరమఱుగు నుంచి తోలుబొమ్మ దాకా : ఒక కళారూప నామచరిత్ర

తెలుగు జానపద కళారూపాలపై వచ్చిన రచనలలో తోలుబొమ్మలాటకు సముచితమైన స్థానమే దక్కింది. ఆచార్య మొదలి నాగభూషణశర్మ 1985లో దీనిపై ఆంగ్లంలో ఒక ప్రత్యేక గ్రంథం వెలువరించారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’లో విస్తారంగా చర్చించారు. ప్రదర్శన విధానం, బొమ్మల తయారీ, కథావస్తువు, కళాకారుల జీవనం గురించి మనకు తెలిసింది తక్కువేమీ కాదు. అయితే ఈ ఆట పేరు మీద నిలిచి సాగిన చర్చ అంతగా కనిపించదు. తోలుతో చేసిన బొమ్మలతో ఆడే ఆట కనుక తోలుబొమ్మలాట, ఇందులో విప్పవలసిన ముడి ఏముందన్న భావనే ఇందుకు కారణం కావచ్చు. అర్థం స్పష్టంగా ఉన్నంత మాత్రాన చరిత్ర కూడా స్పష్టంగా ఉందని కాదు.

ఈ పేరును పరిశీలించడానికి మరొక కారణం కూడా ఉంది. ఈ కళ పుట్టుక గురించి రెండు పరస్పర విరుద్ధమైన ఊహలు ప్రచారంలో ఉన్నాయి. నేడు ఆంధ్రప్రాంతంలో ఈ ఆట ఆడే కుటుంబాలలో అత్యధికుల ఇంటిభాష మరాఠీ మాండలికం కాబట్టి ఆట మరాఠీ నేల నుంచి వచ్చిందన్నది ఒకటి. శాతవాహనుల నాడే తెలుగునాట పుట్టి, ఇక్కడి ఓడల మీద జావాకు చేరిందన్నది రెండవది. శాసనాలు, చిత్రాలు, ప్రాచీనమైన బొమ్మలు దొరకని చోట పదాలు సాక్ష్యం చెప్పవలసి ఉంటుంది. పదాలు ఈ రెండు ఊహలలో దేనినీ పూర్తిగా సమర్థించవని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

తోలు

సమాసంలోని మొదటి పదంతో పెద్ద చిక్కు లేదు. తమిళ మలయాళాలలో ‘తోల్’, తెలుగులో ‘తోలు’, కన్నడంలో ‘తొగల్’, ‘తొవల్’ రూపాలు ఒకే మూలానికి చెందినవి. కన్నడంలోని రెండక్షరాల రూపం ప్రాచీనమనీ, నడిమి హల్లు లోపించి అచ్చులు కలిసిపోవడం వల్ల తెలుగు తమిళాలలో దీర్ఘం ఏర్పడిందనీ ద్రావిడ భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. పశువులను తోలడం అనే అర్థంలోని క్రియకు దీనితో సంబంధం లేదు, అది వేరు ధాతువు. శరీరాన్ని ‘తోలుతిత్తి’ అనడం మన తత్త్వాలలో పరిపాటి. బొమ్మను ఆడించేవాడు లోపల, బొమ్మ బయట అనే వేదాంతపు ఉపమానం అక్కడికి దగ్గరలోనే ఉన్నా, అది సాహిత్య చర్చ అవుతుంది కాని పదచరిత్ర కాదు.

బొమ్మ

అసలు చిక్కు ఇక్కడ ఉంది. తెలుగులో ఒకే ధ్వనిరూపంతో మూడు ‘బొమ్మ’లున్నాయి. ప్రతిమ, చిత్రం, ఆటవస్తువు అనే అర్థాలున్న బొమ్మ మొదటిది. ‘కనుబొమ్మ’లోనిది రెండవది, దీనిని ‘భ్రూ’ శబ్దంతో ముడిపెట్టడం వాడుక, ‘బొమ’ అనే రూపం కూడా కావ్యాలలో సుపరిచితమే. మూడవది ‘బ్రహ్మ’ శబ్దానికి తద్భవం. బ్రహ్మమేడిని బొమ్మమేడి అనీ, బ్రహ్మజెముడును బొమ్మజెముడు అనీ పల్లెల్లో నేటికీ అంటారు. మనుషులను చేసి ఆడించేవాడు బ్రహ్మ కనుక ఆ చేసినవి బొమ్మలయ్యాయన్న చమత్కారం వినడానికి బాగుంటుంది. దానిని వ్యుత్పత్తిగా తీసుకోలేము.

బొమ్మకు ‘బింబ’ శబ్దం మూలమనడం మరొక మార్గం. అర్థం దృష్ట్యా ఇది ఆకర్షణీయమైనదే. ‘ంబ’ అనే సంయుక్తం ‘మ్మ’గా మారడానికి దగ్గరి పోలికలు కూడా లేకపోలేదు. ‘కుంభకార’ నుంచి ‘కుమ్మరి’ ఏర్పడడంలో జరిగింది ఇటువంటి మార్పే. ఆక్షేపణ అచ్చుతో వస్తుంది. ఓష్ఠ్యం తరువాతి ఇకారం తెలుగులో ఒకారంగా మారడం సాధారణం కాదు. బిడ్డ, బింకం, పిల్ల, పిట్ట, మిన్ను, విల్లు – ఇవన్నీ ఇకారాన్ని నిలుపుకున్నవే. ‘బ్రహ్మ’ నుంచి బమ్మ, బమ్మ నుంచి బొమ్మ అయినప్పుడు ఒకారమైంది అకారం, ఇకారం కాదు. అందువల్ల బింబ శబ్దభవమనే వాదం తెలుగు ధ్వనిసూత్రాల ముందు నిలవడం కష్టం. కన్నడంలో ‘బొంబె’, ‘బొమ్మె’, ‘గొంబె’ అనే రూపాలున్నాయి. రెండు ఓష్ఠ్యాలు దగ్గరగా ఉండడం వల్ల మొదటిది గకారంగా మారి ‘గొంబె’ ఏర్పడిందనుకోవడం సమంజసం. కన్నడ రూపంలోని ‘ంబ’ తెలుగు ‘మ్మ’ కన్నా ప్రాచీనమైతే ఈ పదం రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు అవుతుంది. పదాదిలో నాదహల్లు మూలద్రావిడంలో లేదు కనుక, ఈ బకారం తరువాతి కాలంలో ఏర్పడినదైనా కావాలి, ఎరువు పదంతో వచ్చినదైనా కావాలి. తెలుగు కన్నడాలు రెండూ పంచుకున్న, తమిళానికి ప్రాచీనదశలో పరిచయం లేని పదం ఇదని చెప్పడం వరకు నాకు సమ్మతం.

తమిళానికి పరిచయం లేదనడానికి ఆధారముంది. ప్రాచీన తమిళంలో బొమ్మకు పేరు ‘పావై’. తిరుక్కురళ్ 1020వ పద్యంలో సిగ్గులేనివాని కదలికలను తాటితో ఆడే కొయ్యబొమ్మ కదలికలతో పోల్చిన చోట వాడిన పదం అదే. కేరళలోని ‘తోల్‌పావక్కూత్తు’, తమిళదేశంలోని ‘తోల్‌పావైక్కూత్తు’ పేర్లలో నేటికీ ఉన్నది ఆ పదమే. ఇందుకు సజాతీయమైన తెలుగు పదం ‘పాప’. తెలుగులో పాప పసిబిడ్డ అయింది, కంటిలోని నల్లగుడ్డు అయింది. ఆటబొమ్మ అనే అర్థాన్ని మాత్రం బొమ్మకు వదిలిపెట్టింది. కంటిలో కనిపించే చిన్న మనిషి రూపాన్ని బట్టి కంటిపాప అనడం లోకంలో అనేక భాషలకు తట్టిన ఊహ. సంస్కృత ‘కనీనిక’లో బాలిక ఉంది, లాటిన్ ‘పూపిల్లా’లో చిన్న బొమ్మ ఉంది. ఆంగ్లంలో కంటిపాపకూ ఆడించే బొమ్మకూ ఉన్న పేర్లు రెండూ ఆ లాటిన్ కుదురు నుంచి వచ్చినవే. మన దగ్గర ఆ కుదురు కంటిలో నిలిచి రంగస్థలం మీద నుంచి తప్పుకుంది.

సోమనాథుని రెండు మాటలు

తెలుగు సాహిత్యంలో బొమ్మలాటకు విలువైన ప్రాచీన సాక్ష్యం పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనిది. పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసందోహాన్ని, అక్కడి ఆటపాటలను కవి వర్ణించాడు. సోమనాథుని కాలం గురించి వివాదమున్నా 13వ శతాబ్ది పరిధి మనకు చాలు. ఆ వర్ణనలో బొమ్మలను ఆడించేవారు రెండు తెగలుగా కనిపిస్తారు. భారతం మొదలైన కథలను ‘చీరమఱుగు’న ఆడించేవారు ఒక తెగ. ‘కంబసూత్రాల’తో ఆడించేవారు మరొక తెగ.

కళాచరిత్రకారులు ఈ ప్రస్తావనను తోలుబొమ్మలాటకు ఆధారంగా పలుమార్లు ఉదాహరించారు. అయితే అక్కడ ‘తోలు’ అనే మాట లేదన్న విషయం మీద వారి దృష్టి అంతగా నిలవలేదు. నా దృష్టిలో ఆ లేమి చాలా ముఖ్యమైనది.

ముందుగా పదాలను చూద్దాం. ‘చీర’ అంటే నేటి పాఠకునికి స్త్రీలు కట్టుకునే వస్త్రమే గుర్తుకు వస్తుంది. ప్రాచీన భాషలో దాని అర్థం వస్త్రం, అంతమాత్రమే. కనుక చీరమఱుగు అంటే గుడ్డ చాటు, అంటే తెర. ‘కంబం’ స్తంభ శబ్దభవం. కంబసూత్రం అంటే కంబంతో కూడిన తాడు, లేదా కంబం ఆధారంగా లాగే తాడు. తాళ్లతో ఆడే బొమ్మలు ఇవేనన్న దానిలో సందేహానికి తావు లేదు.

చీరమఱుగు ఆటను నేటి తోలుబొమ్మలాటగా గుర్తించడం సబబేనా? గుడ్డ చాటున ఉన్నవాడు ఆడించేవాడు మాత్రమే కావచ్చు, బొమ్మలు గుడ్డ ముందో పైనో ఆడవచ్చు. చేతితొడుగు బొమ్మలకు ఇది చక్కగా సరిపోతుంది. దీపం ప్రస్తావన లేదు, నీడ ప్రస్తావన లేదు. ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయకూడదు. కాని ఒక సంగతి గమనించాలి. తాడుబొమ్మలను ఆడించేవాడు కూడా గుడ్డ చాటునే ఉంటాడు. ఇద్దరికీ సమానమైన లక్షణాన్ని ఒకరికే గుర్తుగా చెప్పడం పేర్ల స్వభావం కాదు. రెండు ఆటలను పక్కపక్కన నిలిపి, ఒకదానికి సూత్రాన్నీ మరొకదానికి చీరనూ కవి గుర్తుగా చెప్పాడంటే, మొదటిదానిలో సూత్రం ఎంత ప్రధానమో రెండవదానిలో చీర అంత ప్రధానం. ఆట జరిగే తావే ఆ చీర అనుకుంటేనే ఈ విభజనకు అర్థం కుదురుతుంది. ఈ కారణంగా పూర్వుల గుర్తింపును నేను అంగీకరిస్తున్నాను.

అంగీకరిస్తే ఒక ఫలితం వస్తుంది. 13వ శతాబ్ది నాటికి ఈ రెండు ఆటలకూ ఉమ్మడి భావన బొమ్మలను ఆడించడం. భేదాన్ని చెప్పవలసి వస్తే చెప్పింది బొమ్మ దేనితో చేశారన్నది కాదు, ఎలా ఆడిస్తారన్నది. ‘తోలు’ అనే విశేషణం ఆ తరువాత చేరింది. ఇటువంటి చేరిక భాషలో అరుదు కాదు. మరమగ్గం రాకముందు ‘చేనేత’ అని ప్రత్యేకించి చెప్పే అవసరం లేదు, నేత అంటే చాలు. దీపాలన్నీ నూనెవే అయిన కాలంలో ‘నూనెదీపం’ అనడం వృథా. ఒకే పేరు కింద రెండు రకాలు ఉండి, వాటి మధ్య భేదాన్ని రోజూ చెప్పుకోవలసి వచ్చినప్పుడు విశేషణం స్థిరపడుతుంది. ‘కొయ్యబొమ్మలాట’ అనే జంటపేరు ఈ సందర్భానికి సాక్షి. తెలంగాణలో జనగామ ప్రాంతాన నేటికీ ఆ ఆట ఉంది, ఆ పేరూ ఉంది.

దీన్ని బట్టి సమాసాన్ని విడదీసే తీరు కూడా మారాలి. ‘తోలుబొమ్మల యొక్క ఆట’ అని విగ్రహవాక్యం చెప్పడం పరిపాటి. చారిత్రకంగా చూస్తే అది ‘తోలు’ + ‘బొమ్మలాట’. ముందే ఉన్న బొమ్మలాట అనే సమాసానికి తోలు వచ్చి చేరింది. ‘తోలుబొమ్మ’ అనే విడి వస్తువు పేరు ఆ తరువాతి విభజన ఫలితం.

ఇక్కడే మరొక పదాన్ని ప్రస్తావించాలి. ఒకరు ఆడించినట్లు ఆడే మనిషిని, ప్రభుత్వాన్ని తెలుగువారు ‘కీలుబొమ్మ’ అంటారు, తోలుబొమ్మ అనడం అరుదు. ‘కీలు’కు మూలం మేకు అనే అర్థమున్న సంస్కృత ‘కీల’. పాలీ థేరీగాథలో శుభ అనే భిక్షుణి తన దేహాన్ని తాళ్లతో, మేకులతో బిగించిన రంగుబొమ్మతో పోల్చింది. భారతంలోనూ విధి చేతిలోని మనిషికి ఉపమానం కొయ్యబొమ్మే. అంటే మన ఉపమానాల బొమ్మ మొదటినుంచీ కొయ్యది. తోలుబొమ్మలాట ఎంత ప్రజాదరణ పొందినా ఈ స్థానాన్ని ఆక్రమించలేకపోయింది.

సంస్కృత నామాలు

సంస్కృతంలో ఈ ఆటను సూచిస్తాయని చెప్పే పదాలలో ‘రూపోపజీవనం’ ముఖ్యమైనది. అది మహాభారతం శాంతిపర్వంలో ఉంది. దక్షిణాదివారిలో ‘జలమండపిక’గా ప్రసిద్ధమైన వృత్తి ఇదనీ, పలుచని గుడ్డను కట్టి తోలు ఆకృతులతో రాజుల, మంత్రుల చరిత్రలు చూపిస్తారనీ 17వ శతాబ్దికి చెందిన వ్యాఖ్యాత నీలకంఠుడు వివరించాడు. మూలంలోని పదానికి ఆ అర్థమే ఉందో లేదో చెప్పడానికి ఈ వ్యాఖ్య చాలదు. కాని 17వ శతాబ్దిలో ఉత్తరాదిన ఉన్న పండితుడు తోలుబొమ్మలాటను దక్షిణాది కళగా గుర్తించాడనడానికి మాత్రం చాలు. ‘జలమండపిక’ అన్న పేరు దక్షిణాది భాషల వాడుక పేర్లలో దేనికీ దగ్గరగా లేకపోవడం విచిత్రం.

‘ఛాయానాటకం’ అనే పదాన్ని సుభటుడు తన ‘దూతాంగదం’ విషయంలో వాడాడు. 1243లో గుజరాత్‌లోని అణహిల్లపురంలో ప్రదర్శితమైన రూపకం అది. అక్కడ ఛాయ అంటే నీడేనా, లేక పూర్తి నాటకానికి ఛాయామాత్రమైన చిన్న రూపకమా అన్న వివాదం తెగలేదు. నేటి తెలుగు వ్యాసాలలో తోలుబొమ్మలాటకు ఛాయానాటకమని మరో పేరు పెట్టేవారు ఈ వివాదాన్ని గుర్తుంచుకోవాలి.

జర్మన్ పండితుడు పిషెల్ 1900లో ‘సూత్రధారుడు’ అన్న పదం బొమ్మల తాడు పట్టేవాని నుంచి వచ్చిందనీ, భారతీయ నాటకానికి బొమ్మలాటే మూలమనీ వాదించాడు. కొలతతాడు పట్టే స్థపతికి కూడా శాసనాలలో సూత్రధారుడనే పేరుండడం ఈ వాదానికి బలమైన అడ్డంకి. మన ప్రస్తుతాంశానికి ఈ చర్చతో పని స్వల్పం. తోలుబొమ్మను ఆడించేది సూత్రం కాదు, బద్ద. సూత్రధారుని తోలుబొమ్మలాటకు మూలపురుషునిగా చెప్పే వ్యాసాలు ఈ చిన్న సంగతిని విస్మరిస్తున్నాయి.

నీడ ఎందుకు లేదు?

జావా భాషలో ఈ కళ పేరు ‘వయంగ్’. నీడ అని దాని మూలార్థం. తోలు అనే అర్థమున్న ‘కులిత్’ చేరి ‘వయంగ్ కులిత్’ అవుతుంది. ఒడిశాలో ‘రావణఛాయ’. చైనీయుల పేరులో తోలూ ఉంది, నీడా ఉంది. దక్షిణ భారత భాషలలోని పేర్లలో మాత్రం నీడ ఎక్కడా లేదు. ఆంధ్రదేశపు బొమ్మ పారదర్శకమైన తోలు మీద రంగులు వేసినది. తెర మీద కనిపించేది నల్లని నీడ కాదు, వెలుగు నిండిన రంగుబొమ్మ. కనుక నీడ అనే మాట ఇక్కడ తగదని వెంటనే తోచవచ్చు. అయితే కేరళ బొమ్మలు నల్లని నీడలే చూపిస్తాయి, వాటి పేరులోనూ తోలే ఉంది. కాబట్టి ఒక్క పారదర్శకత కారణంగా చెబితే సరిపోదు. దక్షిణాది నాలుగు భాషలూ ప్రేక్షకుడు చూసే దానిని బట్టి కాక, ఆడించేవాని చేతిలో ఉన్న వస్తువును బట్టి పేరు పెట్టాయి. ఇది ఉమ్మడి నామకరణ పద్ధతి.

జావాకు మన కళ వెళ్ళిందన్న వాదానికి ఇక్కడ కొంత జవాబు ఉంది. బలితుంగ్ రాజు కాలానికి చెందిన 907 నాటి జావా శాసనంలో వయంగ్ ప్రదర్శన ప్రస్తావన ఉంది. అది సోమనాథుని కన్నా సుమారు మూడు శతాబ్దాలు ముందుది. కథలు భారత రామాయణాలవే. పేరు మాత్రం ఆ నేలదే, పేరు పెట్టే పద్ధతీ వేరే. పదాల వరకు చూస్తే తెలుగు కళ జావాకు వెళ్ళిందనడానికి ఆధారం కనిపించదు. శాతవాహనుల నాటిదనడానికి తెలుగు పదసాక్ష్యం అసలే లేదు.

ఒక లకారం సాక్ష్యం

తెలుగు పేరు నిస్సందేహంగా ప్రయాణించిన దేశం మన పొరుగునే ఉంది. తమిళంలో తాడుబొమ్మల ఆటను ‘బొమ్మలాట్టం’ అంటారు. బొమ్మకు తమిళ రూపం ‘బొమ్మై’, ఆటకు ‘ఆట్టం’. ఈ రెండూ తమిళ సంధి నియమాల ప్రకారం కలిస్తే ‘బొమ్మైయాట్టం’ కావాలి. కన్నడంలో అలాగే ‘గొంబెయాట’ అయింది, యకారం వచ్చింది. తమిళ పదం నడుమ ఉన్న లకారం ఎక్కడిది? తమిళ బహువచన ప్రత్యయం ‘గళ్’, అది ఇలా మిగలదు. ‘పొమ్మల్’ అనే తమిళ పదం ఉన్నా దానికి సమృద్ధి వంటి అర్థాలే గాని ప్రతిమతో సంబంధం లేదు. ఈ లకారం తెలుగు బహువచన షష్ఠిలోని ‘ల’. బొమ్మలు, బొమ్మల, బొమ్మల + ఆట. తెలుగు సమాసాన్ని యథాతథంగా తీసుకుని చివరి ‘ఆట’ను మాత్రం ‘ఆట్టం’ చేశారు. పదాన్ని ఎరువు తెచ్చుకోవడం సామాన్యం. వ్యాకరణ ప్రత్యయంతో సహా సమాసమంతా వెళ్ళిందంటే, ఆ పేరును తెలుగు నోట పదేపదే విన్నవారి మధ్య అది స్థిరపడిందని అర్థం. తంజావూరు, మధుర నాయకరాజుల కాలం ఇందుకు అనువైన సందర్భమని నా ఊహ.

ఇందులో మరొక విశేషం ఉంది. తమిళానికి వెళ్ళింది ‘బొమ్మలాట’, ‘తోలుబొమ్మలాట’ కాదు. అక్కడ తోలు ఆటకు ప్రధానంగా నిలిచింది పాత ‘పావై’ పేరే. తెలుగులో బొమ్మలాట అన్నది సామాన్యనామంగా ఉండేదని పైన చేసిన ప్రతిపాదనకు ఇది బయటినుంచి వచ్చిన బలం.

ఇప్పుడు మరాఠీ ఇంటిభాష ప్రశ్నకు వద్దాం. మరాఠీలో బొమ్మకు ‘బాహులీ’ అనీ, తాడుబొమ్మలకు ‘కళసూత్రీ బాహుల్యా’ అనీ పేర్లు. ఆరె మరాఠీ కుటుంబాలు ఈ ఆటను తమ వెంట తెచ్చి ఉంటే ఆ పేరు జాడ ఎక్కడైనా మిగలాలి కదా అని వాదించవచ్చు. ఆ వాదాన్ని అంత దూరం లాగడం నాకు ఇష్టం లేదు. ఆటకు పేరు పెట్టేది ఆడేవారి కన్నా చూసేవారు. కర్ణాటకంలో ఆటలోని హాస్యపాత్ర ‘కిళ్ళేక్యాత’ పేరే ఆడే కులానికి పేరయింది. మన కేతిగాడు ఆ క్యాతకు బంధువేనని ధ్వనిసామ్యం చెబుతోంది. ప్రేక్షకుల నామకరణానికి అంత శక్తి ఉంది. కనుక మరాఠీ పేరు లేకపోవడం ఒక్కటే దేనినీ నిరూపించదు. నిరూపించేది సోమనాథుని సాక్ష్యం. మరాఠా సైన్యాలు దక్షిణాదికి దిగిన 17వ శతాబ్దికి చాలా ముందే, శ్రీశైలం దారిలో తెలుగు కవి చీరమఱుగు బొమ్మలను చూశాడు. ఆట ఉంది, ఆటకు తెలుగు మాటలున్నాయి. ఆ తరువాత ఆడించే చేతులు మారి ఉండవచ్చు. ఇంట్లో మరాఠీ మాట్లాడుతూ తెర వెనుక రంగనాథ రామాయణ ద్విపదలు పాడే ఆ కుటుంబాలు పరాయి కళను తెచ్చినవారు కాదు, ఈ నేల కళను తమదిగా చేసుకుని నిలిపినవారు. ఈ కళ ‘మనదా, వారిదా’ అనే ప్రశ్నే సరిగా వేసినది కాదని పదచరిత్ర సూచిస్తోంది.

వాడుకలో నేటి మార్పు

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు నేడు పేరొందిన గ్రామం. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే అక్కడ నేడు తయారయ్యే తోలులో ఎక్కువ భాగం దీపపు తొడుగులుగా, గోడకు వేలాడే చిత్రాలుగా అమ్ముడుపోతోంది. రాత్రంతా ఆడించే అవకాశాలు తగ్గాయి. వాడుకలో ‘తోలుబొమ్మలాట కళాకారులు’ అన్న మాట ‘తోలుబొమ్మల కళాకారులు’గా మారుతోంది. ఒకప్పుడు ఆటను ఆట నుంచి వేరుచేయడానికి చేరిన ‘తోలు’ ఇప్పుడు అంగడిలో వస్తువును వస్తువు నుంచి వేరుచేస్తోంది, సమాసం నుంచి జారిపోతున్నది ‘ఆట’. తెలుగు పదచరిత్ర నిఘంటువును కూర్చేవారు ‘తోలుబొమ్మ’ను విడి ఆరోపంగా చూపి, ‘తోలుబొమ్మలాట’ను మాత్రం ‘తోలు’, ‘బొమ్మలాట’ అని విడదీసి, సోమనాథుని ‘చీరమఱుగు’ను దాని కింద పూర్వవ్యవహారంగా నమోదు చేయడం యుక్తమని నా ప్రతిపాదన.